నిమ్మకూరు నుండి సచివాలయం దాకా: నందమూరి తారక రామారావు



సాయంత్రం గంట కొట్టగానే కంచం పట్టుకొని వరుసలో నిలబడే మనకు అన్నం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ విలువ తెలిసిన నాయకుడు నందమూరి తారక రామారావు గారు.

ఆయన 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో లక్ష్మయ్య, వెంకట్రామమ్మ అనే రైతు దంపతులకు జన్మించారు. విజయవాడలో చదివే రోజుల్లో ఇల్లు గడవడానికి సైకిలుపై హోటళ్ళకు పాలు పోశారు. కాలేజీ నాటకంలో ఆడవేషం ఇస్తే మీసం తీయనని పట్టుబట్టి, మీసంతోనే నాగమ్మ పాత్ర వేశారు! గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదివారు. 1947లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఉద్యోగంలో చేరి, కొద్ది వారాలకే మానేసి సినిమాల కోసం మద్రాసు వెళ్ళారు.

1949లో 'మనదేశం'లో పోలీసు అధికారిగా చిన్న వేషం దొరికింది. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957), 'లవకుశ' (1963) చిత్రాలతో ఆయన ఇంటింటి రాముడు, కృష్ణుడు అయ్యారు. 1977లో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు జోలె పట్టి వీధుల్లో విరాళాలు సేకరించారు.

ఆ రోజుల్లో ఢిల్లీ పెద్దలు మన ముఖ్యమంత్రులను తరచుగా మార్చేవారు. తెలుగువారి ఆత్మగౌరవం కోసమంటూ రామారావు గారు 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీని స్థాపించారు. అప్పటికి ఆయన వయసు అరవైకి దగ్గరపడింది. పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చి ఊరూరా తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం. తొమ్మిది నెలలకే 294 స్థానాల్లో 200కు పైగా గెలిచి, 1983 జనవరి 9న రాష్ట్రంలో తొలి కాంగ్రెసేతర ముఖ్యమంత్రి అయ్యారు.

కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చారు. ఖజానా ఖాళీ అవుతుందని ఎందరో విమర్శించినా వెనక్కి తగ్గలేదు. పండుగకే వరి అన్నం చూసే ఇళ్ళల్లో రోజూ ఎసరు పెట్టే ధైర్యం వచ్చింది. పటేల్, పట్వారీ, కరణాల వ్యవస్థను రద్దు చేశారు. మండలాలను ఏర్పాటు చేశారు. 1986లో ఆడపిల్లలకు ఆస్తిలో సమాన హక్కు ఇచ్చే చట్టం వచ్చింది.

1984 ఆగస్టులో గవర్నరు ఆయనను పదవి నుండి తొలగిస్తే ప్రజలు వీధుల్లోకి వచ్చారు. నెల రోజుల్లో తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

ఆయనలో లోపాలూ లేకపోలేదు. ఉద్యోగుల పదవీ విరమణ వయసు తగ్గించి వారి ఆగ్రహానికి గురయ్యారు. 1989లో మంత్రులందరినీ ఒక్కసారే తొలగించారు. ఆ ఏడాది ఎన్నికల్లో పార్టీ ఓడింది, కల్వకుర్తిలో ఆయనా ఓడారు. 1994లో ఘనవిజయం సాధించినా, 1995 ఆగస్టులో సొంత పార్టీవారే ఎదురు తిరగగా పదవి కోల్పోయారు. 1996 జనవరి 18న హైదరాబాదులో కన్నుమూశారు.

మిత్రులారా! ఆయన వేసిన వేషాలు మనం వేయలేకపోవచ్చు. కానీ పాలు పోస్తూ చదువుకున్న ఆ కుర్రవాడు మనలాంటివాడే. ఎదిగాక పేదవాడి కంచాన్ని మరువలేదు. మనలో ఎవరు రేపు ఏ కుర్చీలో కూర్చున్నా, ఈ హాస్టల్ కంచాన్ని మరువకుండా ఉంటే చాలు.