చీరకట్టుకు కొత్త తీరు నేర్పిన జ్ఞానదానందిని దేవి

తెలుగు నేల నుంచి రైలులో వెళ్లి షాలిమార్ స్టేషన్‌లో దిగినవారు హుగ్లీ నది దాటితే కోల్‌కతా చేరుకుంటారు. ఆ నగరపు ఉత్తర భాగంలో ఉన్న జొరాసాంకో ఠాకూర్ల భవనం రవీంద్రుని జన్మస్థలంగా అందరికీ పరిచితమే. అదే ఇంటి కోడలు, రవీంద్రుని వదినగారు జ్ఞానదానందిని దేవి. భారతీయ స్త్రీల వస్త్రధారణను మార్చినవారిలో ఆమెది అగ్రస్థానం.

ఆమె 1850లో నాటి జెస్సోర్ జిల్లా నరేంద్రపూర్ గ్రామంలో జన్మించారు. బాల్యంలోనే మహర్షి దేవేంద్రనాథ్ ఠాకూర్ రెండో కుమారుడు సత్యేంద్రనాథ్‌తో వివాహం జరిగింది. సివిల్ సర్వీసుకు ఎంపికైన తొలి భారతీయుడు ఆయనే. భార్యను అంతఃపురానికే పరిమితం చేయడం ఆయనకు ఇష్టం లేదు. 1864లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఉద్యోగం రాగానే ఆమెను వెంట తీసుకువెళ్లాలని నిశ్చయించారు.

అప్పుడు ఎదురైన మొదటి చిక్కు దుస్తులదే. ఆనాటి బెంగాలీ సంపన్న గృహాల స్త్రీలు రవిక, లోపావడా లేకుండా ఒకే పలుచని చీర చుట్టుకునేవారు. గడప దాటని జీవితానికి అది సరిపోయింది. నలుగురిలో తిరగడానికి పనికిరాదు. ప్రయాణం కోసం ఫ్రెంచి దర్జీల దుకాణంలో ఒక దుస్తు కుట్టించారు గానీ, దానిని ఒంటరిగా తొడుక్కోవడం కూడా ఆమెకు సాధ్యం కాలేదు. ఇంటి నుంచి ఓడ వరకు ఆమె పల్లకిలోనే వెళ్లవలసి వచ్చింది.

బొంబాయిలో పార్సీ కుటుంబాలతో కలిగిన పరిచయం దారి చూపింది. పార్సీ స్త్రీలు చీరను కట్టే పద్ధతిని గ్రహించి, ఆమె తన అవసరానికి తగినట్టు మార్చుకున్నారు. కుడి భుజం మీద ఉండే పైటను ఎడమ భుజానికి మార్చడంతో కుడిచేయి పనులకూ మర్యాదలకూ స్వేచ్ఛగా మిగిలింది. రవిక, శెమీజు, లోపావడా ఆ కట్టులో భాగమయ్యాయి.

1866లో కలకత్తాకు తిరిగివచ్చిన ఆమె, వైస్రాయ్ ఇచ్చిన విందుకు ఆ దుస్తులలోనే హాజరయ్యారు. బెంగాలీ కులస్త్రీ అలాంటి సభకు రావడం ఊహించని సంగతి గనుక ఆమెను భోపాల్ బేగంగా పొరబడినవారున్నారు. సొంత బంధువర్గంలోనే ఆగ్రహం వ్యక్తమైంది. అయినా ఆమె వెనుకంజ వేయలేదు. ఈ కట్టు నేర్పుతానని వామాబోధిని పత్రికలో ప్రకటన ఇచ్చారు. బ్రహ్మసమాజ స్త్రీలు ముందుగా స్వీకరించడంతో దానికి బ్రాహ్మికా చీర అనే పేరు వచ్చింది. తరువాత కూచ్ బిహార్ మహారాణి సునీతి దేవి వంటివారు దానికి మరికొన్ని మార్పులు చేర్చారు.

కుచ్చిళ్లు, ఎడమ భుజం మీది పైట తెలుగువారికి వింత కాదు. ప్రతి ప్రాంతానికీ తనదైన కట్టు ఉన్నది. జ్ఞానదానందిని చీరను కనిపెట్టలేదు. ఇల్లు దాటి సభలకు, ప్రయాణాలకు వెళ్లగల వేషాన్ని రూపొందించారు. అయితే ఈ మార్పుకు మరో పార్శ్వమూ ఉన్నది. రవిక, లోపావడా గౌరవానికి గుర్తులైన కొద్దీ, వాటిని కొనలేని శ్రామిక స్త్రీల కట్టు చిన్నచూపుకు గురైంది.

1877లో ఆమె భర్త తోడు లేకుండా, పిల్లలను వెంటబెట్టుకుని ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. 1885లో పిల్లల కోసం బాలక్ అనే మాసపత్రికను నడిపారు. యువకుడైన రవీంద్రుడు అందులో విరివిగా రాశారు. ఆమె కుమార్తె ఇందిరా దేవి చౌధురాణి సాహిత్య, సంగీత రంగాలలో పేరు పొందారు.

జ్ఞానదానందిని దేవి 1941లో, రవీంద్రుడు మరణించిన కొద్ది వారాలకే కన్నుమూశారు. అప్పటికి బెంగాలీ స్త్రీలు కళాశాలలకు, కార్యాలయాలకు, స్వాతంత్ర్యోద్యమ సభలకు చీరలోనే వెళ్తున్నారు. ఒకనాడు బంధువుల ఆగ్రహానికి కారణమైన ఆ వేషం సాధారణమైపోయింది.