పొత్తిగుడ్డల పరిచర్య

1526 జూన్‌ 7న జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌ పట్టణంలో, ఒకప్పుడు సన్యాసులు మాత్రమే నివసించిన పాత మఠంలో పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆ బిడ్డ తల్లి కేథరీన ఫాన్‌ బోరా మూడేళ్ల క్రితం వరకూ కాన్వెంటులో సన్యాసిని. తండ్రి మార్టిన్‌ లూథర్‌ 1524 దాకా సన్యాసి వస్త్రాలే ధరించాడు. బిడ్డ పుట్టేనాటికి ఆయనకు నలభై రెండేళ్లు. అప్పటికి అయిదేళ్లుగా ఆయన పోపు వెలివేసిన మనిషి, చక్రవర్తి శాసనం ప్రకారం చట్టరక్షణ లేని మనిషి. ఎవరైనా పట్టి అప్పగించవచ్చు, చంపినా అడిగేవారు లేరు. అలాంటివాడి ఒడిలోకి దేవుడు ఒక పసికందును ఇచ్చాడు.

సన్యాసికీ సన్యాసినికీ బిడ్డ పుడితే అది రాక్షసశిశువే అవుతుందని, ఆ కడుపున క్రీస్తు విరోధే పుడతాడని అప్పట్లో గిట్టనివాళ్లు ప్రచారం చేశారు. కేథరీన నెలలు మోస్తున్నంత కాలం ఆ మాటలు ఆమె చెవిన పడుతూనే ఉండి ఉంటాయి. తీరా పుట్టింది చక్కని, ఆరోగ్యవంతుడైన మగబిడ్డ. అదే రోజున డీకన్‌ గెయోర్గ్‌ రోరర్‌ ఆ బిడ్డకు బాప్తిస్మమిచ్చాడు. తాతగారి పేరే పెట్టారు, హాన్స్‌ అని.

ఆ పేరు వెనుక పెద్ద కథే ఉంది. లూథర్‌ తండ్రి హాన్స్‌ రాగి గనుల్లో కష్టపడి పైకొచ్చిన మనిషి. కొడుకును లాయరును చేయాలని రెక్కలు ముక్కలు చేసుకుని చదివించాడు. 1505 జూలైలో దారిలో పిడుగుపాటుకు భయపడిన కొడుకు, బతికితే సన్యాసినవుతానని మొక్కుకుని, రెండు వారాలకే తండ్రితో చెప్పకుండా మఠంలో చేరిపోయాడు. తండ్రి మండిపడ్డాడు. 1507లో కొడుకు గురువుగా మొదటి ఆరాధన జరిపించిన రోజున పరివారంతో వచ్చాడు కానీ, భోజనాల దగ్గర అందరి ముందే తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞను కొడుక్కి గుర్తుచేశాడు. ఆ మాట లూథర్‌ గుండెల్లో ఏళ్ల తరబడి ముల్లులా ఉండిపోయింది. 1525లో పెళ్లి చేసుకున్నప్పుడు ఆయన చెప్పుకున్న కారణాల్లో ఒకటి, మనవళ్ల కోసం తపించిపోతున్న తండ్రి కోరికను ఇక కాదనలేకపోవడం. అందుకే ఏడాది తిరిగేసరికి ఆ మఠంలో పుట్టిన బిడ్డ పేరు, ఇరవై ఏళ్లుగా నలుగుతున్న తండ్రీకొడుకుల బంధానికి పూసిన మందులాంటిది.

పాఠకులు గమనించాల్సిన విషయం మరొకటుంది. ఈ బిడ్డ పుట్టడానికి నాలుగేళ్ల ముందే, 1522లో, లూథర్‌ వివాహ జీవితం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పటికి ఆయనకు పెళ్లి ఆలోచన కూడా లేదు. ఆ పుస్తకంలో ఒక తండ్రిని మన ముందు నిలబెడతాడు. ఆ తండ్రి రాత్రిళ్లు మేలుకుని ఉయ్యాల ఊపుతాడు, బిడ్డ పక్క సర్దుతాడు, కంపుకొట్టే పొత్తిగుడ్డలు ఉతుకుతాడు. ఇరుగుపొరుగు అతన్ని చూసి వీడు మగాడేనా అని నవ్వుతారు. మనిషి తెలివి ముక్కు మూసుకుని, ఇదంతా నాకెందుకని తప్పుకుంటుంది. కానీ విశ్వాసంతో ఆ పని చేసే తండ్రిని చూసి దేవుడు తన దూతలందరితో కలిసి సంతోషిస్తాడని లూథర్‌ రాశాడు. ఆ పొత్తిగుడ్డలు ఉతికినందుకు కాదట, దేవుడప్పగించిన పని అని నమ్మి ఉతికినందుకట.

ఇది ఆ రోజుల్లో ఎంత పెద్ద మాటో ఇప్పుడు మనకు సులువుగా అర్థం కాదు. భక్తి అంటే మఠం, ఉపవాసం, తీర్థయాత్ర అనుకునే కాలం అది. సంసారం చేసేవాళ్లు రెండో తరగతి విశ్వాసులు. అలాంటి కాలంలో, సన్యాసి గదిలో చేసిన ప్రార్థన కంటే పసిబిడ్డ పక్కబట్టలు మార్చడం తక్కువేమీ కాదని చెప్పడమంటే సంఘాన్ని తలకిందులు చేయడమే. లూథర్‌ అంటే తలుపుకు కొట్టిన తొంభై అయిదు వాదాలే మనకు గుర్తొస్తాయి. ఈ పొత్తిగుడ్డల వాదం కూడా వాటికి తీసిపోదని మా అభిప్రాయం. పరిచర్య పేరుతో వారం పొడుగునా ఊళ్లు తిరిగి, ఇంట్లో బిడ్డ ఏ తరగతిలో ఉన్నాడో చెప్పలేని సేవకులను మేమెరుగుదుం. ఫొటో తీసేంతసేపు బిడ్డనెత్తుకుని, ఏడుపు మొదలుకాగానే తల్లి చేతికిచ్చేసే యువతండ్రులను ప్రతిష్ఠ ఆరాధనల్లో చూస్తూనే ఉంటాం.

రాయడం ఒక ఎత్తు, చేయడం ఒక ఎత్తు. పెళ్లికి ముందు లూథర్‌ ఇంటి తీరు ఎలా ఉండేదంటే, ఏడాది పాటు ఆయన పక్క సర్దేవారే లేరు. చెమటకు పరుపు కుళ్లిపోయినా, పగలంతా పనిచేసి అలసిపోయి అందులోనే పడి నిద్రపోయేవాడు. అలాంటి ఇంటికి ఇరవై ఆరేళ్ల కేథరీన ఇల్లాలుగా వచ్చింది. ఆయనకు వచ్చే జీతం ఏడాదికి రెండు వందల గిల్డర్లు. రాసిన పుస్తకాలకు పైసా తీసుకునేవాడు కాదు, అడిగినవాడికి చేతిలో ఉన్నది ఇచ్చేసేవాడు. కాబట్టి ఇల్లు గడపడం ఆమె మీదే పడింది. తోట వేసింది, పందులనూ కోళ్లనూ పెంచింది, ఆ కాలపు ఇళ్లలో రోజూ తాగే బీరును ఇంట్లోనే కాచింది, విద్యార్థులకు భోజనం పెట్టి డబ్బు తీసుకుంది. పసిపిల్లల పెంపకంలో ఆమె మేనత్త మగ్దలేన చేదోడుగా నిలిచింది. పిల్లలకు ఆమె లేనా అత్త. నిజం చెప్పుకోవాలంటే, లూథర్‌ మంచి తండ్రి కావడానికి ఈ ఇద్దరు ఆడవాళ్ల కష్టమే ఆధారం. ఆయన కూడా నిశ్చింతగా కూర్చోలేదు. తోటలో నాటడానికి విత్తనాలు పంపమనీ, తిరుగుడు చట్రం మీద కర్రపని నేర్చుకోవడానికి పనిముట్లు పంపమనీ న్యూరెంబర్గ్‌లోని మిత్రుడు లింక్‌కు ఉత్తరాలు రాశాడు. దేవుని వాక్యం అన్నం పెట్టని రోజొస్తే చేతిపనితో బతకాలన్నది ఆయన ఆలోచన. ఇల్లన్నది ఏర్పడ్డాక కానీ మగవాడికి ఇలాంటి ఆలోచనలు రావు మరి.

బిడ్డ పెరుగుతున్న కొద్దీ పండితుడి గదిలోకి కూడా వచ్చేశాడు. లూథర్‌ రాసుకుంటుంటే హాన్స్‌ పక్కన చేరి పాటలు పాడేవాడు. గోల ఎక్కువైతే తండ్రి కాస్త గద్దించేవాడు. పిల్లవాడు పాట మానేవాడు కాదు, గొంతు తగ్గించి, ఓరకంట తండ్రిని చూస్తూ మళ్లీ పాడేవాడు. దేవుడు మననుంచి కోరేది కూడా అదేనని లూథర్‌ భోజనాల దగ్గర మిత్రులకు చెప్పేవాడు, సంతోషం విడవకుండా భయభక్తులతో ఉండడం. వేదాంత కళాశాలల్లో మేము నేర్చుకున్న పాఠాల్లో ఇంత సులభంగా చెప్పినవి కొద్దే.

అయితే ఆయనను దేవదూతను చేయనవసరం లేదు. చిన్నతనంలో ఒక కాయ దొంగిలించాడని తల్లి రక్తం వచ్చేలా కొట్టింది. తండ్రి కొట్టిన దెబ్బలకు పారిపోయాడు, మళ్లీ దగ్గరవడానికి తండ్రే ఎంతో ప్రయాసపడాల్సి వచ్చింది. అది గుర్తుంచుకుని, బెత్తం పక్కన ఆపిల్‌ పండు కూడా ఉండాలని బోధించాడు. అదే లూథర్‌ హాన్స్‌ కొంచెం పెద్దవాడయ్యాక ఒక తప్పు చేసినందుకు మూడు రోజుల పాటు దగ్గరికి రానివ్వలేదు. తల్లి బతిమాలినా, మిత్రులు బతిమాలినా, పిల్లవాడు తలవంచి క్షమాపణ అడిగేదాకా కరగలేదు. కృపను గురించి లోకానికి బోధించినవాడు కన్నకొడుకు విషయంలో అంత బిగుసుకుపోవడం మాకు నచ్చని సంగతి.

హాన్స్‌కు ఏడాది నిండగానే ఆ ఇంటికి చీకటి రోజులొచ్చాయి. 1527 జూలై 6న లూథర్‌ ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు. ఇక బతకననుకున్నాడు. తన చిన్న హాన్స్‌ ఎక్కడని అడిగాడు. బిడ్డ నవ్వుకుంటూ వచ్చాడు. తల్లినీ బిడ్డనూ దేవునికి అప్పగించాడు. భార్యకు తాను మిగిల్చి పోతున్నది కొన్ని వెండి గిన్నెలు మాత్రమేనని చెప్పాడు. తేరుకుని లేచాడో లేదో, ఆగస్టులో ఊరిని ప్లేగు కమ్ముకుంది. విశ్వవిద్యాలయం యేనా పట్టణానికి తరలిపోయింది. లూథర్‌ను కూడా వెళ్లిపొమ్మని ప్రభువు ఆదేశించాడు. ఆయన వెళ్లలేదు. రోగులను విడిచి కాపరి పారిపోకూడదన్నాడు. పాస్టర్‌ బుగెన్‌హాగెన్‌తో కలిసి ఊళ్లోనే ఉండిపోయాడు. మఠం కాస్తా ఆసుపత్రి అయింది.

ఒక్క క్షణం ఆలోచించండి. ఇంట్లో ఏడాది దాటిన బిడ్డ, నిండు గర్భిణి అయిన భార్య, పక్క గదుల్లో ప్లేగు రోగులు. హాన్స్‌కు అప్పుడే పళ్లు వస్తూ జబ్బు చేసింది, రోజుల తరబడి ద్రవాలు తప్ప ఏమీ లోపలికి పోలేదు. హాన్స్‌కు బాప్తిస్మమిచ్చిన రోరర్‌ భార్య నిండు నెలలతో ఉండి, చనిపోయిన బిడ్డను కని, తాను కూడా ప్లేగుతో మరణించింది. కేథరీన పురుడు దగ్గరపడుతున్న కొద్దీ లూథర్‌కు కంటిమీద కునుకు లేదు. తెగులు వేళ పారిపోవచ్చునా కూడదా అన్న ప్రశ్నకు ఆయన ఒక చిన్న పుస్తకంలో జవాబు రాసింది ఆ నెలల్లోనే. ఇతరుల సంరక్షణ తన మీద లేనివాడు వెళ్లవచ్చు, ఎవరి భారమైనా మోస్తున్నవాడు వదిలి వెళ్లకూడదు, తల్లిదండ్రులు పిల్లలను అసలే విడువకూడదు అన్నది దాని సారం. 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతటా సంఘాలు ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచి చదివాయి. అది ఉయ్యాల పక్కన కూర్చుని రాసిన పుస్తకమని మాత్రం చాలామంది గమనించలేదు.

డిసెంబరు 10న ఆడపిల్ల పుట్టింది. ఎలిజబెత్‌ అని పేరు పెట్టారు. పుట్టిన నాటినుంచీ బలహీనమే. 1528 ఆగస్టు 3న, ఎనిమిది నెలలైనా నిండకుండానే కన్నుమూసింది.

హాన్స్‌కు గిలక్కాయ పంపిన మిత్రుడొకడున్నాడు, నికొలస్‌ హౌస్‌మన్‌ అనే పాస్టర్‌. దాన్ని ఆడించుకుంటూ హాన్స్‌ మహా గర్వంగా తిరిగేవాడు. ఆ మిత్రుడికే లూథర్‌ కూతురి మరణవార్త రాశాడు. తన గుండె ఇంత జబ్బుపడుతుందనీ, ఆడవాళ్ల మనసులా ఇంతగా కుమిలిపోతుందనీ అనుకోలేదన్నాడు. బిడ్డలంటే తండ్రి హృదయం ఇంత మెత్తనవుతుందని ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే నమ్మేవాడిని కానన్నాడు. తన కోసం ప్రార్థించమన్నాడు. చక్రవర్తి ఎదుట తొణకని మనిషి ఎనిమిది నెలల పసికందు దగ్గర ఓడిపోయాడు. సంఘాల్లో పసిబిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్లినప్పుడు అందరూ తల్లినే ఓదారుస్తారు. తండ్రి వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తూ, శవపేటిక సంగతి చూస్తూ తిరుగుతుంటాడు. ఆయన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టేవారు తక్కువ.

1529 మే 4న మరో ఆడపిల్ల పుట్టింది, మగ్దలేన. అదే సంవత్సరం లూథర్‌ చిన్న క్యాటకిజం రాశాడు. ఇంటి పెద్ద తన ఇంటివారికి పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన నేర్పించడానికి వీలుగా కూర్చిన పుస్తకమది. ప్రతి మాట దగ్గరా ఆగి, ఇదేమిటి అని అడుగుతుంది, మూడేళ్ల పిల్లలు అడిగినట్టే. హాన్స్‌కు అప్పటికి మూడేళ్లు. ఆ పుస్తకాన్ని బెంజమిన్‌ షుల్జ్‌ తెలుగులోకి తేగా 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయింది. 1842లో ఫాదర్‌ హయ్యర్‌ గుంటూరుకు వచ్చాక లూథరన్‌ సంఘాల్లో తరతరాల పిల్లలు దాన్ని కంఠతా పట్టారు. దాన్ని నేర్పించే బాధ్యత సండేస్కూలు టీచరుదని మనం అనుకుంటాం. లూథర్‌ మాత్రం ఆ పని తండ్రి చేతిలో పెట్టాడు.

1530 వసంతంలో ఆయన ఇల్లు విడిచి నెలల తరబడి కోబర్గ్‌ కోటలో ఉండాల్సి వచ్చింది. ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట సువార్త విశ్వాసుల ప్రకటన చదవబోతున్నారు. చట్టరక్షణ లేనివాడు గనుక లూథర్‌ అక్కడికి వెళ్లకూడదు. కేథరీన ఏడాది వయసున్న మగ్దలేన బొమ్మ గీయించి పంపింది. మొదట ఆయన కూతురిని పోల్చుకోలేకపోయాడు, బొమ్మ మరీ నల్లగా ఉందనుకున్నాడు. చూడగా చూడగా గుర్తుపట్టి, భోజనాల బల్లకు ఎదురుగా గోడకు తగిలించుకున్నాడు. జూన్‌ మొదట్లో తండ్రి హాన్స్‌ మరణించిన కబురు అక్కడికే చేరింది. లూథర్‌ కీర్తనల గ్రంథం తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుని భోరున ఏడ్చాడు. ఆ రోజుల్లో ఆయనకు తోడుగా ఉన్న ఫైట్‌ డీట్రిచ్‌ ఈ సంగతులన్నీ కేథరీనకు రాశాడు. ఆ బొమ్మ పంపి ఎంతో మేలు చేశావని, దానివల్ల ఆయన కలతలు మరిచిపోతున్నాడని కూడా రాశాడు.

ఆ దుఃఖంలోనే, తండ్రి మరణవార్త అందిన రెండు వారాలకే, లూథర్‌ నాలుగేళ్ల కొడుక్కి ఉత్తరం రాశాడు. అందులో సిద్ధాంతం లేదు. ఒక అందమైన తోట ఉంది. బంగారు అంగీలు వేసుకున్న పిల్లలు చెట్ల కింద ఆపిల్‌, చెర్రీ పండ్లు ఏరుకుంటున్నారు. బంగారు కళ్లేలు, వెండి జీనులు ఉన్న చిన్న గుర్రాల మీద స్వారీ చేస్తున్నారు. మా హాన్స్‌ కూడా రావచ్చునా అని తండ్రి తోటమాలిని అడిగాడు. బాగా ప్రార్థన చేసి, బుద్ధిగా చదువుకుంటే రావచ్చునన్నాడు తోటమాలి, స్నేహితులను కూడా తెచ్చుకోవచ్చునన్నాడు. అయితే హాన్స్‌కు లేనా అత్త ఉంది, ఆమె లేకుండా రాడు, ఆమెను కూడా తీసుకురావాలి కదా అని తండ్రి గుర్తుచేశాడు. తప్పకుండా తీసుకురమ్మన్నాడు తోటమాలి.