బొమ్మవిమానముల శిల్పి ఆల్ఫాన్స్ పేనో

1871 ఆగస్టు 18వ తేదీన పారిస్ నగరమందలి ట్యూలరీ ఉద్యానవనమున కొందరు పెద్దలు సమావేశమైరి. అంతకు మూడు మాసములకు పూర్వము, మే నెలలో జరిగిన అంతఃకలహములలో, ఉద్యానమును ఆనుకొనియున్న రాజప్రాసాదము దగ్ధమై పోయెను. మసిబారిన ఆ గోడల సమీపమున, ఆకాశయాన సంఘ సభ్యుల యెదుట, 21 సంవత్సరముల యువకుడొకడు మూరెడు పొడవు గల బొమ్మను చేతబట్టి నిలిచెను. దాని వెనుక కొనయందున్న ప్రొపెల్లరును వ్రేలితో అనేక పర్యాయములు త్రిప్పి గాలిలోనికి విడిచెను. బొమ్మ తలక్రిందులు కాలేదు. ప్రక్కకు ఒరిగి పడలేదు. పక్షివలె నిలుకడగా 11 సెకండ్లపాటు ఎగిరి, అందలి శక్తి ఉడిగిన పిదపనే నేలకు దిగెను. దాని బరువు 16 గ్రాములు. ఆ యువకుని పేరు ఆల్ఫాన్స్ పేనో.

పేనో 1850 మే 31వ తేదీన పారిస్‌లో జన్మించెను. అతని తండ్రి ఫ్రెంచి నౌకాదళమున అడ్మిరల్ పదవి నలంకరించినవాడు. తండ్రి బాటను అనుసరించి కుమారుడును నావికుడు కావలసినదే. కాని తుంటియెముకకు సోకిన వ్యాధి అతనిని వికలాంగుని గావించెను. నౌకాదళ ప్రవేశమునకు ద్వారము మూతపడెను. ఓడమీద నిలువలేని దేహమైనను, బల్లయొద్ద కూర్చుండి లెక్కలు కట్టుటకు, సన్నని పుల్లలను చెక్కి అతుకుటకు అడ్డు లేదు. సముద్రము నిరాకరించిన ఆ యువకుడు ఆకాశమును ఆశ్రయించెను.

ఆనాటి ఫ్రాన్సున ఆకాశయానమనగా బెలూను ప్రయాణమే. 1870 సెప్టెంబరు మొదలు 1871 జనవరి వరకు జర్మను సేనలు పారిస్‌ను ముట్టడించి యుండగా, 60కి పైగా బెలూనులు నగరమునుండి ఉత్తరములను, మనుష్యులను దాటించెను. అందుచే గాలికన్న తేలికయైన బెలూనునందే జనులకు విశ్వాసము కుదిరియుండెను. గాలికన్న బరువైన వస్తువు రెక్కల సాయమున ఎగురగలదని నమ్మినవారు లేకపోలేదు. ఇంగ్లండున సర్ జార్జి కేలీ 1804లోనే రెక్కయు తోకయు గల చిన్న గ్లైడరును నిర్మించి ఎగురవేసెను. అయినను, స్వశక్తితో ఎగురుచు, మనుష్యుని చేయి తోడు లేకయే నిలుకడ తప్పని యంత్రమును పదిమంది యెదుట స్పష్టముగా నిరూపించినవాడు పేనోయే.

అతనికి ఎదురైన మొదటి చిక్కు శక్తి. ఆవిరి యంత్రము మిక్కిలి బరువు. గడియారపు స్ప్రింగు దాచగల శక్తి దాని బరువుతో పోల్చినచో చాల స్వల్పము. 1784లో లోనువా, బియాంవెన్యూ అను ఇద్దరు ఫ్రెంచివారు ఈకలతో చేసిన ఎగురు బొమ్మను వింటినారితో త్రిప్పిరి గాని, వింటి బలము కొద్దిసేపటిలోనే తీరిపోవును. పేనో రబ్బరు త్రాళ్లను మెలిపెట్టి చూచెను. మెలిదిరిగిన రబ్బరు, అంతే బరువు గల ఉక్కు స్ప్రింగుకన్న ఎక్కువ శక్తిని దాచుకొని, కొంతసేపటి వరకు ప్రొపెల్లరును త్రిప్పుచుండును. దాని వెల తక్కువ. తెగినచో మరల కట్టుకొనవచ్చును. ఈ ఉపాయముతో 1870లో అతడు నిట్టనిలువుగా పైకెగయు చిన్న హెలికాప్టరు బొమ్మను చేసెను.

రెండవ చిక్కు నిలుకడ. ఇదియే అసలైన కష్టము. బొమ్మ ముక్కు కొంచెము వంగినచో దానిని సరిదిద్దుటకు అందు చోదకుడు లేడు గదా! పేనో రెక్కలకు చాల వెనుకగా ఒక చిన్న అడ్డురెక్కను తోకగా అమర్చి, దాని ముందంచును కొంచెము క్రిందికి వాల్చెను. బరువు రెక్కలకు ముందు భాగమున పడునట్లు చూచెను. ముక్కు వంగినచో బొమ్మ వేగము హెచ్చును. వేగము హెచ్చినకొలది గాలి తోకను క్రిందికి అదుమును. తోక దిగగా ముక్కు లేచును. ముక్కు అతిగా లేచినచో వేగము తగ్గును. తోకమీది ఒత్తిడియు తగ్గి ముక్కు మరల దిగును. ప్రక్కలకు ఒరగకుండ రెక్కల కొనలను పైకి వంచెను. ఈ విధముగా బొమ్మ తన తప్పును తానే దిద్దుకొనెను. దానికి అతడు ప్లానోఫోర్ అని పేరు పెట్టెను. మరుసటి సంవత్సరమున ఈ సిద్ధాంతమును పత్రికాముఖమున ప్రకటించెను. రబ్బరు త్రాటితోనే రెక్కలల్లార్చు పక్షిబొమ్మను గూడ నిర్మించెను.

బొమ్మలతో అతని మనస్సు తృప్తి చెందలేదు. మనుష్యుని మోయు విమానమే అతని గమ్యము. 1876లో పాల్ గోషో అను యంత్రనిపుణునితో కలిసి అట్టి విమానమునకు పేటెంటు పొందెను. ఇద్దరు కూర్చుండదగిన ఆ విమానము నేలనుండియు నీటినుండియు లేవగలిగినట్టిది. పరస్పరము ఎదురుదిశలలో తిరుగు రెండు ప్రొపెల్లర్లు, ఎగురునపుడు లోనికి ముడుచుకొను చక్రములు, చోదకుని తలపై అద్దపు కప్పు, తోకయందలి చుక్కానులను నడుపుటకు ఒకే ఒక చేతికఱ్ఱ అందు నిరూపింపబడెను. దశాబ్దముల తరువాత గాని వాడుకలోనికి రాని ఏర్పాటులవి. లోపించినది ఒక్కటే: అంత తేలికగా ఉండి అంత బలము నీయగల ఇంజను ఆనాడు ప్రపంచమున ఎచ్చటను లేదు.

ధనము నిచ్చి ప్రోత్సహించువారును లేకపోయిరి. పరిహాసము చేసినవారే ఎక్కువ. 1852లో ఆవిరితో నడచు బెలూను నౌకను నడపి ప్రఖ్యాతి గాంచిన ఆన్రీ జిఫార్ మొదట ఆదరించి, పిదప ముఖము చాటు చేసెను. దేహమున వ్యాధి, మనస్సున నిరాశ. పేనో తన చిత్రపటములనన్నిటిని ఒక చిన్న శవపేటికలో ఉంచి జిఫార్ గృహమునకు చేర్చెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. 1880 అక్టోబరులో, 30 సంవత్సరముల ప్రాయమున, అతడు తన చేతులారా ప్రాణము తీసికొనెను. ఒక్క సహృదయుని ఆదరణ లభించినను అంతటి మేధ మరికొంతకాలము లోకమునకు దక్కెడిదేమో.

అయితే పేనో చేతినుండి విడివడిన బొమ్మ అప్పటికే సముద్రము దాటియుండెను. 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు తన కుమారులకు కాగితము, వెదురు, బెండు, రబ్బరులతో చేసిన ఎగురు బొమ్మను తెచ్చి యిచ్చెను. అది పేనో హెలికాప్టరునకు అనుకరణము. ఆ బాలురలో పెద్దవాడగు విల్బర్‌కు 11 సంవత్సరములు, చిన్నవాడగు ఆర్విల్‌కు 7 సంవత్సరములు. బొమ్మ విరిగిపోగా వారు అట్టివానిని తామే చేసికొనిరి. పరిమాణము పెంచినకొలది బొమ్మ ఎగురుటకు మొరాయించెను. రెండింతలు చేసిన బొమ్మకు ఎనిమిదింతల శక్తి కావలెనని ఆ బాలురకు అప్పటికి తెలియదు. ఆ ప్రశ్న మాత్రము వారి మనస్సులలో నాటుకొనెను.

అమెరికా శాస్త్రజ్ఞుడగు లాంగ్లీయు పేనో పద్ధతిలో రబ్బరు బొమ్మలు చేయుటతోనే తన పరిశ్రమ నారంభించెను. 1896 మే 6వ తేదీన పోటోమాక్ నదిపై సుమారు ఒక కిలోమీటరు దూరము ఎగిరిన అతని ఆవిరి విమానపు నమూనాకు పేనో తోకయే అమర్పబడెను. 1903 డిసెంబరు 17వ తేదీన రైట్ సోదరులు మనుష్యుని మోసికొని స్వశక్తితో ఎగురు విమానమును నడపిరి. ఆనాటి మొదటి ప్రయాణము 12 సెకండ్లు. ట్యూలరీ ఉద్యానమున 16 గ్రాముల బొమ్మ ఎగిరినదానికన్న ఒక్క సెకండే ఎక్కువ!

రెండవ ప్రపంచయుద్ధానంతరము ప్లాస్టిక్ విడిభాగముల పెట్టెలు బజారులోనికి విరివిగా వచ్చినవి. ఇంగ్లండు, అమెరికా బాలురు సేబర్, హంటర్ మున్నగు జెట్ విమానముల నమూనాలను ఇంటి బల్లపై జిగురుతో అతికించుకొనసాగిరి. ఆ నమూనాలు ఎగురవు. అయినను వాని వెనుక భాగమున రెండు చిన్న రెక్కముక్కలను అతికించుచున్న బాలుడు, ఇవి ఇచట ఎందుకున్నవని ఉపాధ్యాయుని ప్రశ్నించినచో, సమాధానము పేనో జీవితమునొద్దకే పోయి చేరును. రబ్బరు త్రాడు, కొన్ని పుల్లలు, కాగితము ఉన్నచో ఆ సమాధానమును ఏ పాఠశాల ఆవరణమందైనను పరీక్షించి చూడవచ్చును. ఆ బాలుని ప్రశ్నను బొమ్మలాటయని త్రోసిపుచ్చక వినుటయే, బ్రతికియుండగా ఆదరణ నెరుగని ఆ శిల్పికి తగిన గౌరవము.