తల్లి ఊరు, తండ్రి జిల్లా: లగార్డియా

న్యూయార్క్ మేయరుగా పన్నెండేళ్ళు (1934–45) పనిచేసిన ఫియొరెల్లో లగార్డియా 1882లో ఆ నగరంలోనే పుట్టారు. తండ్రి ఇటలీలోని ఫోజా జిల్లా చెరిన్యోలావారు, అమెరికా సైన్యంలో బ్యాండ్ మాస్టరు. 1898లో తండ్రి జబ్బుపడి సైన్యం వదిలాక కుటుంబమంతా తల్లి పుట్టిన ట్రియెస్టేకు చేరింది. 1904లో తండ్రి పోయారు.

కొడుకు అమెరికా తిరిగివచ్చి, ఎల్లిస్ ద్వీపంలో వలసదారులకు దుబాసీగా చేస్తూ రాత్రిపూట లా చదివారు. పెద్దల భాషతో ఏం ఒరుగుతుందని మన సంఘంలో అడిగేవారికి నేను ఈ ఉద్యోగమే చెబుతుంటాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో, కాంగ్రెస్ సభ్యుడై ఉండగానే, అమెరికన్ పైలట్ల శిక్షణకు ఆయన్ను పంపింది ఎక్కడికనుకున్నారు? తండ్రిగారి ఫోజాకే. 1917 ఓటమితో కుంగిన ఇటలీ జనానికి జెనోవా, మిలాన్ సభల్లో ఇటాలియన్‌లోనే మాట్లాడి ధైర్యం చెప్పారు.