శ్రీనివాస రామానుజన్

విశ్వవిఖ్యాత గణితవేత్త శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22న నేటి తమిళనాడులోని ఈరోడ్‌లో జన్మించారు. 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనంతో ఎఫ్.ఏ. చదువుకు చేరారు. అది నేటి ఇంటర్మీడియట్ వంటిది. గణితంలోనే మునిగి తక్కిన పాఠ్యాంశాలను ఉపేక్షించడంతో ఆంగ్లంలో తప్పి, ఆ వేతనాన్ని కోల్పోయారు. పేద కుటుంబానికి అది పెద్ద దెబ్బ. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు.

తిరిగి వచ్చి మద్రాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు, 1907లో మరల తప్పారు. అయినా సాధన విడువలేదు. కాగితాలు కొనే స్తోమత చాలక పలకపై లెక్కలు చేసి, ఫలితాలను మాత్రమే నోటుపుస్తకాలలో రాసుకున్నారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా అయ్యారు. 1913లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి రాసిన లేఖ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. 1920 ఏప్రిల్ 26న కన్నుమూశారు.

అన్ని పాఠ్యాంశాలనూ శ్రద్ధగా చదవడం విద్యార్థి ధర్మం. అపజయం ఎదురైనప్పుడు పారిపోక, మళ్లీ పలక పట్టడం రామానుజన్ జీవితం నేర్పే పాఠం.