ఎర్రగుడి బండల మీద అశోకుడు, యవన రాజులు

గ్రీకుల చరిత్ర అనగానే మనకు ఏథెన్సు, స్పార్టా, సోక్రటీసు, అలెగ్జాండరు గుర్తుకొస్తారు. పరీక్ష కోసం నాలుగు పేర్లు బట్టీపట్టి ఆ తర్వాత మరిచిపోతాం. ఆ దేశమెక్కడ, మన కరువు సీమ ఎక్కడ అనుకుంటాం. కాని అయిదుగురు గ్రీకు రాజుల పేర్లు మన గుత్తికి సుమారు 13 కిలోమీటర్ల దూరంలోనే బండరాళ్ళ మీద చెక్కి వున్నాయి. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఒక గుట్ట మీద వున్నాయా బండలు. చెక్కించినవాడు మౌర్య చక్రవర్తి అశోకుడు. వాటిని 1929లో గుర్తించినవాడు చరిత్రకారుడు గాదు, అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు. సైన్సు చదివే నాకు ఈ సంగతి కొంచెం గర్వంగానే వుంటుంది.

అశోకుని కథ ఆయన తాత చంద్రగుప్తునితో మొదలుపెట్టాలి. క్రీ.పూ. 323లో అలెగ్జాండరు చనిపోగానే ఆయన సేనానులు రాజ్యాన్ని వాటాలేసుకున్నారు. తూర్పు వాటా దక్కిన సెల్యూకసు చంద్రగుప్తుని మీదికొచ్చి, చివరకు సంధి చేసుకొని, సింధునదికి అవతలి భూములిచ్చి 500 ఏనుగులు తీసుకుపోయాడు. తర్వాత మెగస్తనీసు అనే గ్రీకు రాయబారి వచ్చి మన దేశాన్ని గురించి ఇండికా అనే గ్రంథం రాశాడు.

అశోకుని తండ్రి బిందుసారుని గురించి గ్రీకులు ఒక ముచ్చట చెప్పుకున్నారు. ఆయన సెల్యూకసు కొడుకు అంటియోకసుకు కబురుపెట్టి తీయని ద్రాక్షసారాయి, ఎండిన అంజూర పండ్లు, వాటితోపాటు ఒక పండితుణ్ణి కూడా కొని పంపమన్నాడట. పండ్లూ సారాయీ పంపుతాం గాని పండితుణ్ణి అమ్మడానికి మా చట్టం ఒప్పుకోదని జవాబొచ్చిందట. వినడానికి బాగానే వుంది. కాని అదే గ్రీకు పట్టణాల్లో బానిసలను సంతలో సరుకులాగా అమ్మేవారు. సభలో చేతులెత్తి చట్టాలు చేసుకున్న ఏథెన్సులోనూ ఆడవాళ్ళకు, బానిసలకు, పరదేశీయులకు ఆ సభలో చోటు లేదు. వాళ్ళ ప్రజాస్వామ్యం గొప్పదే, కాని దాని వాకిలి చాలా ఇరుకు.

బిందుసారుని తర్వాత సుమారు క్రీ.పూ. 268లో అశోకుడు పట్టాభిషిక్తుడయ్యాడు. అన్నదమ్ములను చంపి గద్దె ఎక్కాడని బౌద్ధ గ్రంథాల కథ. అయితే రాజయ్యాక చాలా ఏండ్లకు ఆయన వేయించిన శాసనంలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఇండ్ల ప్రస్తావన వుంది. కాబట్టి ఆ కథను పూర్తిగా నమ్మలేం.

పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు కళింగ యుద్ధం జరిగింది. ఆయన శాసనమే లెక్క చెబుతుంది. లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు, ఆ తర్వాత పోయినవాళ్ళు అంతకు ఎన్నోరెట్లు. గెలిచిన రాజు తన గెలుపును తానే తప్పుబట్టుకొని, నాకు దుఃఖం కలిగిందని రాతి మీద చెక్కించడం చరిత్రలో చాలా అరుదు.

సరిగ్గా ఆ కాలంలోనే, సుమారు క్రీ.పూ. 262లో, మాసిడోనియా రాజు ఆంటిగోనసు ఏథెన్సును ముట్టడించి, ఆకలికి మాడ్చి లొంగదీసుకున్నాడు. పట్నంలో తన సైన్యాన్ని కాపలా పెట్టాడు. ఒకే కాలం, రెండు గెలుపులు. ఆ ఆంటిగోనసు పేరు కూడా ఎర్రగుడి బండ మీద వుంది! ఆయనతోపాటు పడమటి ఆసియాను ఏలిన అంటియోకసు, ఈజిప్టు టాలమీ, సిరీనును ఏలిన మాగసు, మరో అలెగ్జాండరు వున్నారు. ఈయన మనకు తెలిసిన జగజ్జేత గాదు, తర్వాతి కాలంవాడు. ఆరువందల యోజనాల దూరంలోని ఈ రాజుల దేశాల్లో సైతం తాను ధర్మవిజయం సాధించానని అశోకుడు చెప్పుకున్నాడు. మనకు దక్కిన గ్రీకు గ్రంథాల్లో మాత్రం అశోకుని పేరే కనబడదు. ఆ రాజులు ఆయన మాట విన్నారో లేదో గాని తమలో తాము యుద్ధాలు మానలేదు.

ఆ శాసనంలోనే ఆంధ్రుల పేరూ వుంది. తన పాలనలో వున్నవారిలో యవనులను, కాంభోజులను, ఆంధ్రులను, పుళిందులను అశోకుడు ఒకే వరుసలో చేర్చాడు. తన రాజ్యంలోని యవనులకు వాళ్ళ భాషలోనే చెప్పాడు. కాందహారులో గ్రీకు, అరామిక్ భాషల్లో వేయించిన ఆయన శాసనం 1958లో బయటపడింది. అందులో ధర్మానికి బదులు గ్రీకుల భక్తిమాట యూసెబియా వాడారు. జనానికి తెలిసిన మాటలో చెప్పాలన్న ఇంగితం ఆ ప్రభుత్వానికి వుండేది.

ఇక నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది నీళ్ళ సంగతి. రెండో శాసనంలో ఆయన చెప్పేది ఇది: తన రాజ్యంలోను, ఇరుగుపొరుగు దేశాల్లోను, యవన రాజు అంటియోకసు సీమలోను మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేశాడు, మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించాడు, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాడు. పశువులను మరువకుండా చెప్పడం చూడండి.

మాది మెట్టసేద్యం. శెనక్కాయ విత్తి మబ్బుల వైపు చూసే బతుకు. మా తాత తవ్వించిన బావి ఎండిపోయి చాలా ఏండ్లయింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలమీద బావి అనే మాటకున్న విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

సౌరాష్ట్రలో గిర్నారు కొండ దగ్గర సుదర్శనమనే చెరువుండేది. చంద్రగుప్తుని కాలంలో పుష్యగుప్తుడు కట్టించాడు. దానికి కాలువలు తీయించినవాడు అశోకుని కింద పనిచేసిన తుషాస్పుడు. పేరు పారశీకుల పేరులాగుంది గాని శాసనం అతణ్ణి యవన రాజు అనే పిలిచింది. ఆ మాట చెప్పింది సుమారు క్రీ.శ. 150 నాటి రుద్రదాముని శాసనం. అంటే నాలుగువందల ఏండ్ల తర్వాత కూడా కాలువ తీయించినవాని పేరు జనం మరవలేదు.

ఎర్రగుడిలోనే మరో వింత వుంది. అక్కడి చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మడక దున్నేటప్పుడు ఎద్దులు సాలు చివర మళ్ళి వచ్చినట్టు! పాత గ్రీకులూ ఇట్లా రాసేవారు. క్రీటు ద్వీపంలోని గోర్టిన్ నగర చట్టాలను గోడరాళ్ళ మీద ఇట్లాగే చెక్కారు. ఈ పద్ధతికి వాళ్ళు పెట్టిన పేరుకు అర్థం కూడా ఎద్దు మళ్ళినట్టు అనే. మన చెక్కుడువాడు వాళ్ళను చూసి నేర్చాడని నేననను. సేద్యం తెలిసిన జనం ఎక్కడున్నా ఒకే పోలిక తోస్తుందేమో.

అశోకుణ్ణి దేవుణ్ణి చేయనక్కరలేదు. అంత దుఃఖపడ్డా కళింగను తిరిగి ఇయ్యలేదు. అడవి జనాన్ని తన శక్తి గుర్తుంచుకొమ్మని హెచ్చరించాడు. ఆ పశ్చాత్తాప శాసనాన్ని కళింగలోని ధౌళి, జౌగడల్లో వేయించలేదు. దెబ్బతిన్నవాళ్ళకు చెప్పని మాట మన ఎర్రగుడిలో చెప్పాడు. దాసులను దయగా చూడమన్నాడే గాని దాస్యం పోవాలనలేదు. అయినా భోజనం చేస్తున్నా, అంతఃపురంలో వున్నా ప్రజల పని వస్తే తనకు తెలపమని ఆజ్ఞ వేసిన రాజు ఆయన.

సుమారు క్రీ.పూ. 232లో ఆయన పోయాక మౌర్య రాజ్యం ఎక్కువకాలం నిలవలేదు. లిపి చదివేవాళ్ళు లేక శాసనాలు మూగబోయాయి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని చదివాడు. అందులో ప్రియదర్శి అని వున్న రాజు అశోకుడేనని 1915లో రాయచూరు జిల్లా మస్కి శాసనం రుజువు చేసింది. తర్వాత మన పక్క బళ్ళారి జిల్లాలోని నిట్టూరు, ఉదెగోళం శాసనాల్లోనూ ఆ పేరు దొరికింది.

తొలకరి పడితే ఎర్రగుడి దగ్గరి జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం నడుములు వంచి వెదుకుతారు. ఆ పక్కనే వున్న బండల దగ్గరికి పోయేవాళ్ళు తక్కువ. మిత్రులారా, మన విహారయాత్ర ప్రతిసారీ దూరప్రాంతాలకే కానక్కరలేదు. ఒక్కసారి ఎర్రగుడి పోదాం. రేపు మనలో కొందరు అధికారులవుతారు, నాయకులవుతారు. గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఎన్ని కోటలు గెలిచామని గాక ఎన్ని బావులు తవ్వించామని లెక్క చెప్పిన పాలకుడు ఒకడుండేవాడని, ఆ లెక్క మన నేలమీదే రాసి వుందని వాళ్ళకు గుర్తుంటే మంచిది.