లియోన్ థెరెమిన్ - కొయ్యబొమ్మలో దొంగచెవి

టోల్‌గేటు దగ్గర కారు అద్దానికి ఉండే ఫాస్టాగ్ చూస్తూనే ఉన్నాం కదా! అందులో బ్యాటరీ లేదు. రీడరు పంపే రేడియో తరంగంనుంచే శక్తి పుచ్చుకుని, ఆ తరంగాన్నే తన నంబరుకు తగ్గట్టు మార్చి తిప్పికొడుతుంది. ఇదే ఆర్.ఎఫ్.ఐ.డి. ఈ కిటుకుకు తాతల్లో ఒకడు లియోన్ థెరెమిన్.

అతడు 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. తాకకుండా, గాలిలో చేతులాడిస్తే పలికే వాద్యాన్ని కనిపెట్టి 1922లో లెనిన్‌కే వినిపించాడు. అమెరికా వెళ్ళి పేరు గడించాడు. 1938లో స్వదేశం చేరితే మరుసటి ఏడే అరెస్టు! కొలిమా శిబిరం, ఆపైన ఖైదీ శాస్త్రజ్ఞుల ప్రయోగశాల. సంగీతం పలికించిన చేతులతోనే దొంగచెవి చేయించారు.

1945 ఆగస్టులో మాస్కోలో సోవియట్ పిల్లలు అమెరికా రాయబారి హారిమన్‌కు కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్రను కానుక ఇచ్చారు. లోపల థెరెమిన్ పరికరం: పల్చని పొర ఉన్న చిన్న లోహపు డబ్బీ, ఒక యాంటెన్నా, అంతే. బ్యాటరీ లేదు, తీగ లేదు. బయటినుంచి రేడియో తరంగం పంపితేనే దానికి ప్రాణం. గదిలో మాటలకు పొర అదిరేది, ఆ అదురు తిరిగివెళ్ళే తరంగంలో కలిసేది. పంపనప్పుడు ఉత్త కొయ్యముక్కే మరి! 1952 దాకా పట్టుకోలేకపోయారు.

ఖైదు చేసిన ప్రభుత్వమే 1947లో స్టాలిన్ బహుమతీ ఇచ్చింది. 1993లో, 97వ ఏట, అతడు మాస్కోలో కన్నుమూశాడు.